ఇంటింటి మాట: టీవీ గేమా, చేతి గేమా?

పోయిన నెల అత్తాకోడళ్ళు వంటింటి పనిని పంచుకోవడం గూర్చి వ్రాస్తే చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటికి జవాబులు వచ్చే నెల ఇస్తాను. ఈ నెల మాత్రం కోదాడ నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం పక్కన పెట్టలేకపోయాను. ఆమెకు డిసెంబరు లోపల జవాబు కావాలి.

ఆ ఇంటి సంగతి ఇది. భర్త మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. శనివారం రాత్రి హుజూర్‌నగర్ మీదుగా బస్సులో ఇల్లు చేరి, సోమవారం తెల్లవారకముందే తిరిగి వెళ్తాడు. పెద్దవాడు సూర్యాపేటలో హాస్టల్‌లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. నెలకొక ఆదివారం తల్లిదండ్రులు పోయి చూసి వస్తారు. దసరాకు, క్రిస్మస్‌కు, సంక్రాంతికి, వేసవి సెలవులకు వాడు ఇంటికొస్తాడు. చిన్నది నాలుగో తరగతి, కోదాడలోనే. అత్తగారు వీళ్ళ దగ్గరే ఉంటారు. ఒక్క కుటుంబం మూడు ఊళ్ళలో పంచబడి ఉన్నదన్నమాట. ఈ క్రిస్మస్‌కు కొడుక్కి వీడియో గేమ్ కొనిస్తానని తండ్రి మాట ఇచ్చాడు. రెండేళ్ళుగా దాచిన డబ్బున్నది. కొడుకు చేతి గేమే కావాలంటున్నాడు.

"చేతిలోది కొంటే వాడు ఇక తల ఎత్తడేమోనని భయం అక్కా. ఇప్పుడే ఇంటికొచ్చిన రోజు వాళ్ళ నాన్న ఫోను పట్టుకుంటే ముఖం కనబడదు. టీవీకి పెట్టేది కొంటే మా అత్తమ్మ సీరియళ్ళు పోయి ఇంట్లో రోజూ గొడవ. ఏది కొనమంటారు?" అని వ్రాసింది.

అసలు కొనవద్దని చెబుతానని కొందరు ఎదురు చూస్తుండవచ్చు. చెప్పను. ఎందుకంటే నేను కూడా కొన్నదాన్నే, ఒకటి కాదు, రెండూ.

1994లో మేము మిర్యాలగూడలో అద్దెకుండేవాళ్ళం. మా పిల్లలిద్దరూ మగపిల్లలే. హైదరాబాదు పోయినప్పుడు మావారు ఒక టీవీ గేము తెచ్చారు. పేరున్న కంపెనీది కాదు, జపాను వాళ్ళ యంత్రాన్ని చూసి చేసిన నకలు. ఆ రోజుల్లో మన ఊళ్ళకు వచ్చినవి చాలావరకు అవే. యాంటెన్నా వైరు పీకి దాని వైరు పెట్టి, ఛానెల్ తిప్పుతూ బొమ్మ దొరికేదాకా కుస్తీ పట్టేవాళ్ళం. కేసెట్ పనిచేయకపోతే తీసి నోటితో ఊది మళ్ళీ పెట్టడం. మా మామగారికి సాయంత్రం దూరదర్శన్ తెలుగు వార్తలు ప్రాణం. మొదటి వారమంతా ఇంట్లో యుద్ధమే. "చెవులు చిల్లులు పడుతున్నాయి, దాన్ని బయట పారేయండి" అని ఆయన కేకలు. రెండో వారంలో ఒకనాడు వార్తలు అయిపోయాక ఆయనే నెమ్మదిగా, "ఆ బాతులను కొట్టేది ఒకసారి నాకు ఇయ్యిరా" అన్నారు. ప్లాస్టిక్ తుపాకీతో తెర మీది బాతులను కాల్చే ఆట అది. ఒక్కటి కూడా పడలేదు. చిన్నవాడు ఆయన ఒళ్ళో కూర్చుని చెయ్యి పట్టి గురి చూపించాడు. ఆ తర్వాత వార్తల వేళకు ఎవరూ టీవీ ముట్టలేదు, వార్తలయ్యాక ఆయన ఎవరినీ కసరలేదు. (ఆ తుపాకీ ఇప్పటి సన్నని టీవీలకు పనిచేయదు. పాత డబ్బా టీవీలో గీతలు గీతలుగా పడే వెలుగును పట్టుకునేలా చేసిందది. మా అటక మీద ఇంకా ఉన్నది.)

మరుసటి జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్‌కు పోతే చిన్నవాడు పైనుంచి ఇటుకలు పడే చేతి గేము కొనిపించుకున్నాడు. సికింద్రాబాదు నుండి మిర్యాలగూడ దాకా రైల్లో ఒక్క మాట కూడా అల్లరి లేదు. నేను ఎంత సంతోషించానో! నెల తిరిగేసరికి ఆ సంతోషమే నాకు దిగులైంది. పిల్లవాడు ఇంట్లోనే ఉంటాడు, ఎక్కడున్నాడో తెలియదు. మంచం కింద, మెట్ల మీద, దుప్పట్లో. ఆ తెరకు సొంత వెలుతురు లేదు కనుక దుప్పట్లో టార్చిలైటు పెట్టుకుని ఆడేవాడు. గేములో పెన్సిల్ సెల్లులు, టార్చిలో సెల్లులు, రెండింటి ఖర్చూ మాదే. అన్న అడిగితే "ఇది నాది" అనేవాడు. టీవీ గేముకు రెండు రిమోట్లు ఉండేవి. దీనికి ఒక్కటే తెర, ఒక్కటే జత చేతులు. అన్నదమ్ముల మధ్య మొదటిసారి చెయ్యి లేచింది ఆ వస్తువు మీదనే.

ఈ రెండు రకాల ఆటలు పుట్టిన తీరు చదివితే నా ఇంట్లో జరిగిన దానికి ఆశ్చర్యం అనిపించలేదు. టీవీ గేము ఆలోచన ఒక బస్టాండు దగ్గర పుట్టింది. రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు 1966లో న్యూయార్క్ బస్ టెర్మినల్ బయట తోటి ఉద్యోగి కోసం ఎదురుచూస్తూ, దేశంలో ఇన్ని కోట్ల ఇళ్ళలో టీవీలున్నాయి కదా, వాటితో చూడటం తప్ప ఇంకేమీ చేయలేమా అని ఆలోచించాడట. దాని ఫలితంగా 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీ వచ్చింది. దానికి శబ్దం లేదు, రంగు లేదు. టీవీ తెరకు ప్లాస్టిక్ కాగితాలు అతికించి ఆడాలి. పెట్టెలో దానితోపాటు పాచికలు, పేకల్లాంటి కార్డులు, ఉత్తుత్తి నోట్లు కూడా ఇచ్చారు. అంటే చుట్టూ నలుగురు కూర్చుంటారని అనుకునే దాన్ని తయారు చేశారు.

చేతి గేము ఆలోచన రైల్లో పుట్టిందంటారు. జపానులో నింటెండో కంపెనీలో పనిచేసే గున్‌పే యోకోయి, రైల్లో ఒక ఉద్యోగి పొద్దుపోక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటుంటే చూశాడు. అలా 1980లో గేమ్ అండ్ వాచ్, 1989లో నాలుగు పెన్సిల్ సెల్లులతో నడిచే గేమ్ బాయ్ వచ్చాయి. ఒంటరిగా ప్రయాణం చేసే మనిషికి పొద్దుపోవడానికి చేసిన వస్తువది. అది దాని తప్పు కాదు, దాని పని అది. మన మూడు ఊళ్ళలో రైలున్నది మిర్యాలగూడకే, బస్టాండ్లు మాత్రం మూడింటికీ ఉన్నాయి. నేను ఇలా వ్రాస్తే మావారు నవ్వుతారు గాని, వ్రాసేశాను.

కాబట్టి సహోదరీ, ఏ యంత్రం గొప్పదని అడగడానికి ముందు మీ ఇంట్లో ఎవరు, ఎప్పుడు, ఎవరి పక్కన కూర్చుంటారో లెక్క వేయండి. మీ వారికి కొడుకు దొరికేది నెలకు ఒక పూట, సెలవుల్లో శని ఆదివారాలు. అంత తక్కువ సమయంలోకి ఒక్కరు పట్టుకునే తెరను తెస్తే, తండ్రి తన డబ్బుతో తానే గోడ కట్టుకున్నట్టవుతుంది. ఇక చిన్నదాని సంగతి. చేతి గేము అన్నతోపాటు సూర్యాపేట వెళ్ళిపోతే దానికి వంతు వచ్చేదెప్పుడు? హాస్టళ్ళలో ఇలాంటివి సాధారణంగా ఉండనివ్వరు. పెట్టె అడుగున, బట్టల మధ్య దాచాలి. దొరికితే శిక్ష, పోతే ఏడుపు, రెండూ కాకపోతే అబద్ధం. ఆ కష్టాన్ని బహుమతిగా చుట్టి వాడి చేతికి ఇవ్వవద్దని నా మాట. టీవీకి పెట్టేదే కొనండి.

ఇందులో మీ అబ్బాయికి ఒక అన్యాయం ఉన్నది, అది వాడికి ముందే చెప్పాలి. బహుమతి వాడిది, ఎక్కువ రోజులు ఆడేది చెల్లెలు. వాడు లేనప్పుడు వాడి ఆట చెరిపివేయకుండా చెల్లెలికి వేరే ఖాతా తెరిచి ఇవ్వండి. ప్రతి యంత్రంలోనూ ఆ వీలున్నది. వాడు సగంలో ఆపిన ఆట సంక్రాంతి దాకా అక్కడే నిలిచి ఉండాలి.

అన్ని ఇళ్ళకూ ఇదే జవాబని అనుకోవద్దు. మా బంధువుల అమ్మాయి కాలు విరిగి రెండు నెలలు మంచం మీద ఉన్నది. టీవీ ముందుగదిలో, అది లోపలి గదిలో. ఆ పిల్లకు చేతి గేము దేవుడిచ్చిన తోడులా ఉండింది, కొనమని చెప్పింది నేనే. ఆసుపత్రుల చుట్టూ తిరిగే పిల్లలకు, నలుగురు పెద్దలకు ఒక్క టీవీ ఉన్న ఉమ్మడి ఇంటి పిల్లలకు అదే మేలు.

రెండు పనులూ చేసేది లేదా అంటే ఉన్నది. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌ను చేతిలో పట్టుకోవచ్చు, టీవీకి తగిలించవచ్చు. పక్కనున్న రిమోట్లు ఊడదీసి ఇద్దరు పిల్లలకు చెరొకటి ఇవ్వవచ్చు. 2025 జూన్‌లో దాని రెండో రకం వచ్చింది. కాని మన దగ్గర దొరికేది బయటి దేశాల నుండి తెప్పించి అమ్మేవారి దగ్గరే. చెడిపోతే గ్యారంటీ అంటే ఆ దుకాణదారు మాటే. 2019లో వచ్చిన స్విచ్ లైట్ అసలు టీవీకి తగలదు, పేరు చూసి మోసపోవద్దు. ప్లేస్టేషన్ పోర్టల్ అని ఇంకొకటి ఉన్నది. అది ఇంట్లోని ప్లేస్టేషన్ 5 ఆటను వైఫై మీద చేతిలో చూపించడానికి చేసింది. హాస్టల్ పిల్లవాడికి దానితో పనిలేదు.

ధర విషయానికి వస్తే, ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరిలో వచ్చింది. 2024లో వచ్చిన సన్న రకాన్ని డిస్కు పెట్టేదైతే 54,990 రూపాయలకు, డిస్కు లేనిదైతే 44,990కి అమ్మారు. ధరలు మారుతుంటాయి, దుకాణంలో అడగండి. తక్కువ ధరది చూసి ఆశపడవద్దు. డిస్కు ఉంటే ఆట అయిపోయాక అమ్ముకోవచ్చు, తెలిసినవాళ్ళతో మార్చుకోవచ్చు, పాతది సగం ధరకు కొనవచ్చు. డిస్కు లేనిదైతే ప్రతి ఆటా ఇంటర్నెట్ మీద దించుకోవాలి, ఒక్కొక్కటి 50, 100 జీబీ. కొత్త ఆటలు 5 వేల దాకా ఉంటాయి. ముందు ఒక్కటే కొనండి. 2021లో వచ్చిన 'ఇట్ టేక్స్ టూ' అనే ఆటను ఒక్కరు ఆడలేరు, ఇద్దరు కలిస్తేనే ముందుకు పోతుంది. పన్నెండేళ్ళు దాటిన పిల్లలకని పెట్టె మీద ఉంటుంది. కనుక అది మీ అబ్బాయికి, వాళ్ళ నాన్నకు. చిన్నదానికి వేరేది చూడండి. పెట్టె మీది వయసు గుర్తు చూడకుండా ఏదీ కొనవద్దు.

కరెంటుకు భయపడనక్కర్లేదు. ఆడేటప్పుడు సుమారు 200 వాట్లు తీసుకుంటుంది, అంటే ఐదు గంటలకు ఒక యూనిట్. కాని నడుస్తుండగా కరెంటు పోతే ఆటలో దాచుకున్నది చెడిపోవచ్చు. గోడ మీద స్విచ్ కట్టేసే అలవాటు ఉన్న పెద్దలకు ఈ సంగతి చెప్పి ఉంచండి.

కళ్ళ విషయంలోనూ టీవీ గేముదే పైచేయి. ఎనిమిది, పది అడుగుల దూరం నుండి చూడటం వేరు, జానెడు దూరంలో పట్టుకుని చూడటం వేరు. దగ్గరి చూపు ఎక్కువైతే, ఎండలో ఆట తక్కువైతే దూరపు చూపు మసకబారే అవకాశం పెరుగుతుందని కంటి వైద్యులు చెబుతారు. ఇక "వ్యసనం అవుతుందా" అని చివర చిన్న అక్షరాలతో అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతను తన జాబితాలో చేర్చింది, 2022 నుండి అది అమలులో ఉన్నది. ఆపుకోలేకపోవడం, తిండి, నిద్ర, చదువు అన్నిటికంటె ఆటే ముందు కావడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం, ఇది సుమారు ఏడాదిపాటు సాగడం దాని లక్షణాలు. సెలవుల్లో రోజుకు రెండు గంటలు ఆడేవాడిని చూసి రోగి అనవద్దు.

చివరగా మీ అత్తగారు. సీరియళ్ళు ఏ గంట నుండి ఏ గంట దాకానో కాగితం మీద వ్రాసి టీవీ పక్కన అంటించండి. ఆ గంటలు ఆమెవి, కుటుంబ ప్రార్థన వేళ అందరిదీ, మిగిలిన దాంట్లోనే ఆట. కాగితాన్ని పిల్లల చేతనే వ్రాయించండి. బాబును కూడా నాకు ఒక ఉత్తరం వ్రాయమనండి. చేతి గేమే ఎందుకు కావాలో వాడి మాట నేనింకా వినలేదు.