పోలియోపై పోరు పేగుల్లోనే

దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదయింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియోరహితంగా ధ్రువీకరించింది. అయినా పల్స్ పోలియో ఆగలేదు. పాకిస్థాన్‌లో 2024లో 74 కేసులు బయటపడటం అందుకు ఒక కారణం. అంతగా చర్చకు రాని మరో కారణం, మనిషిలో రోగనిరోధక శక్తి ఏర్పడే తీరు.

పోలియో వైరస్ నోటి ద్వారా ప్రవేశించి పేగుల్లో పెరుగుతుంది. సోకినవారిలో సుమారు 200 మందికి ఒకరికే అవయవాలు చచ్చుబడతాయి. మిగిలినవారిలో అత్యధికులు ఏ బాధా లేకుండానే మలం ద్వారా వైరస్‌ను వ్యాపింపజేస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. సూదిమందులోని నిర్జీవ వైరస్ రక్తంలో యాంటీబాడీలను పుట్టించి బిడ్డను అంగవైకల్యం నుంచి కాపాడుతుంది కానీ, పేగుల్లో వైరస్ పెరగకుండా పెద్దగా అడ్డుకోలేదు. చుక్కల మందులోని బలహీనపరచిన సజీవ వైరస్ పేగుల్లోనే పెరుగుతుంది. ఒక విధంగా అది అదుపులో ఉంచిన వ్యాధి సంక్రమణే. అందుకే ఆ తరువాత అసలు వైరస్ వచ్చినా పేగుల్లోనే ప్రతిఘటన ఎదురవుతుంది.

2005 నుంచి సూదిమందునే వాడిన ఇజ్రాయెల్‌లో 2013లో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. అక్కడి మురుగునీటిలో సహజ వైరస్ దొరికింది. ఒక్కరికీ పక్షవాతం రాలేదు. టీకా వేసుకున్న పిల్లల మధ్యే వైరస్ చడీచప్పుడు లేకుండా తిరిగింది. చివరకు ఆ ప్రభుత్వం మళ్లీ చుక్కల మందు వేయించింది.

చుక్కల మందుకూ లోపాలున్నాయి. అతిసారం, ఇతర పేగు వైరస్‌లు ఎక్కువగా ఉన్న ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో అనేక మోతాదులు వేసినా కొందరు పిల్లలకు రక్షణ కలగలేదు. పైగా టీకా వైరస్ అరుదుగా రూపు మార్చుకుని మళ్లీ బలం పుంజుకుంటుంది. 2016 ఏప్రిల్‌లో చుక్కల మందు నుంచి రెండో రకం వైరస్‌ను తొలగించడానికి కారణం అదే. ఆ తరువాత రెండు నెలలకే టీకా నుంచి పుట్టిన ఆ రకం వైరస్ హైదరాబాద్ మురుగునీటిలో కనిపించడంతో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు హుటాహుటిన సూదిమందు వేశారు.

రెండింటినీ కలిపితే ఫలితం ఎక్కువని ఉత్తరప్రదేశ్‌లో జరిగిన పరిశోధన 2014లో వెల్లడించింది. అప్పటికే చుక్కలు వేసుకున్న పిల్లలకు ఒక సూదిమందు ఇస్తే పేగుల్లోని రక్షణ, మరో విడత చుక్కలు వేసినప్పటికంటే ఎక్కువగా పెరిగింది. చుక్కలు ఎరుగని పిల్లల్లో సూదిమందుకు ఆ శక్తి లేదు. 2015 నవంబరులో దేశంలో సూదిమందు ప్రవేశపెట్టినా చుక్కలను మానకపోవడం ఈ దృష్ట్యా సబబే. చుక్కలకు ఎప్పుడు స్వస్తి చెప్పాలన్నది మాత్రం ఢిల్లీ ఒక్కటే తేల్చగలిగేది కాదు. పాకిస్థాన్, అఫ్ఘానిస్థాన్‌లలో వైరస్ సంచారం ఆగడంపైనా అది ఆధారపడి ఉంది.