పిల్ల తెలుగులో పేరు పెడితే ఫైలు పోయింది. తప్పెవరిది?



ఇది కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి. చదివాక మమ్మల్ని తిట్టాలనిపిస్తే తిట్టండి. సగంలో వదిలేసి మాత్రం తిట్టొద్దు.

మేమంటే సంఘం వెబ్‌సైటు చూసుకునే నలుగురం. హోసూరులో ఆదివారం తెలుగు తరగతికి తాళం తీసేదీ, బల్లలు వేసేదీ కూడా మేమే. ఈ ఏడు విద్యార్థి సహాయం దరఖాస్తులు కాగితాల మీద వద్దు, పోర్టల్లో తీసుకుందాం అని పట్టుబట్టిందీ మేమే. కాబట్టి ఈ తప్పులో మా వాటా ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాం.

జరిగింది ఇదీ. రోజా తోటలో కూలికి పోయే ఒక తల్లి కూతురు దరఖాస్తు పెట్టింది. బడిలో తమిళ మీడియం. తెలుగు అక్షరాలు మన ఆదివారం తరగతిలోనే దిద్దింది. ఆదాయ ధ్రువపత్రాన్ని ఫోన్లో స్కాన్ చేసి, పీడీఎఫ్ చేసి, దానికి ‘ఆదాయం’ అని చక్కగా తెలుగులో పేరు పెట్టి ఎక్కించింది. పోర్టలు ‘పత్రం అందింది’ అని చెప్పింది. పదిహేను రోజుల తర్వాత వచ్చిన జాబితాలో ఆ పిల్ల పేరు పక్కన ‘ఫైలు తెరుచుకోలేదు, తిరస్కరణ’ అని ఉంది.

వాళ్లమ్మ మమ్మల్ని తరగతి దగ్గర పట్టుకుని అడిగింది. ‘మీరు నేర్పిచ్చిన తెలుగులోనే కదన్నా పేరు పెట్టింది, దానికి ఇట్ల చేస్తే ఎట్ల?’ మా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి సర్వరు తెరిచి చూశాం.

ఫైళ్లు దాచే ఫోల్డరులో ‘ఆదాయం’ అనే ఫైలే లేదు. దాని బదులు ఉత్త ‘పీడీఎఫ్’ అనే పేరుతో ఒక ఫైలు ఉంది. తెరిచి చూస్తే అది ఆ పిల్ల పత్రం కాదు. ఇంకొక అబ్బాయి రేషన్ కార్డు!

ఇది ఎలా జరిగిందో అందరికీ అర్థమయ్యేలా చెబుతాం, ఎందుకంటే తీర్మానం చేయాల్సింది మీరే.

ఫైలు పేరులో రెండు ముక్కలు ఉంటాయి. ముందు అసలు పేరు, చుక్క తర్వాత తోక. ‘ఆదాయం’ అసలు పేరు, ‘పీడీఎఫ్’ తోక. మా పోర్టలు ఫైలును దాచుకునే ముందు పేరును ‘శుభ్రం’ చేస్తుంది. శుభ్రం చేయడమంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, అడ్డగీత లాంటివి ఉంచి మిగతావన్నీ పారేయడం. ‘ఆదాయం’లో ఒక్క ఇంగ్లీషు అక్షరం లేదు, కాబట్టి మొత్తం పోయింది. ముందు మిగిలిన చుక్కనూ కత్తిరించేసింది. చివరికి మిగిలింది తోకలోని మూడు అక్షరాలే. చుక్క లేదు కాబట్టి అది తోక కూడా కాదు. పేరే లేని ఫైలన్నమాట.

ఆ తర్వాత ఆ అబ్బాయి కూడా ‘రేషన్ కార్డు’ అని తెలుగులోనే పేరు పెట్టాడు. దానికీ అదే శుభ్రం జరిగి అదే పేరు మిగిలింది. రెండోది మొదటిదాని మీద పడి దాన్ని తుడిచేసింది. మేము వాడిన లైబ్రరీ చేతిపుస్తకంలో ‘ఈ పని చేస్తే పేరు ఖాళీ కావచ్చు, జాగ్రత్త’ అన్న హెచ్చరిక ఉంది. మేము చదవలేదు. తప్పు లైబ్రరీది కాదు.

కథ అక్కడితో ఆగలేదు. పత్రాలు పరిశీలించే సభ్యుడు ఫైలు మీద నొక్కినప్పుడు సర్వరు బ్రౌజరుకు ఒక మాట చెప్పాలి. ‘ఇది పీడీఎఫ్’, ‘ఇది జేపీఈజీ బొమ్మ’, ‘ఇది ఉత్త రాత’ అని. దీన్నే కంటెంట్ టైపు అంటారు. ఆ మాటను బట్టే బ్రౌజరు ఫైలును తెర మీద చూపిస్తుంది. మా సర్వరు ఆ మాటను దేన్ని చూసి చెబుతోంది? తోకను చూసి. తోక లేకపోతే ‘ఏదో బైట్ల మూట, ఏమిటో తెలియదు’ అని చెబుతుంది. బ్రౌజరు దాన్ని చూపించకుండా కిందికి దించి ఊరుకుంది. కంప్యూటరు ‘దేనితో తెరవమంటారు?’ అని అడిగింది. మన సభ్యుడు ‘తెరుచుకోలేదు’ అని రాసేశాడు. ఆయన్ని మేము అనడం లేదు. ఆయన చూసింది ఆయన రాశాడు.

మేము అనేది ఒకటే. ఫైలు ఏమిటో తెలుసుకోవడానికి లోపల చూడాలి. పేరు చూసి తీర్పు చెప్పకూడదు.

ఫైలు రకం చెప్పడానికి మూడు సాక్ష్యాలు ఉంటాయి. ఒకటి, పేరు తోక. రెండు, ఎక్కించేటప్పుడు బ్రౌజరు పంపే కంటెంట్ టైపు. మూడు, ఫైలు లోపలి బైట్లు. మొదటిది ఎవరైనా రెండు సెకన్లలో మార్చేయగలరు. రెండోది వేరే సాక్షిలా కనిపిస్తుంది కానీ కాదు. బ్రౌజరు చాలా వరకు ఆ తోకను చూసే ఆ మాట చెబుతుంది. పైగా పంపేవాడు కావాలంటే దాన్నీ మార్చి పంపగలడు. ఒకడు చెప్పిన అబద్ధాన్నే ఇంకొకడు మళ్లీ చెబితే ఇద్దరు సాక్షులైనట్టా?

మూడోది గట్టి సాక్షి. చాలా రకాల ఫైళ్లు మొదట్లోనే తమ గుర్తు తామే పెట్టుకుని వస్తాయి. పీడీఎఫ్ అయితే శాతం గుర్తు, దాని వెంట పీ, డీ, ఎఫ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. జేపీఈజీ బొమ్మ మొదటి మూడు బైట్ల విలువలు 255, 216, 255. పీఎన్‌జీలో మొదటి బైటు 137, ఆ తర్వాత పీ, ఎన్, జీ. జిప్ ఫైలు పీ, కే అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది, అవి ఆ పద్ధతిని తయారుచేసిన ఫిల్ కాట్జ్ ఇనిషియల్స్. పేరు తెలుగులో ఉన్నా, తమిళంలో ఉన్నా, అసలు లేకపోయినా ఈ గుర్తులు మారవు. ఆ పిల్ల పత్రం మొదటి అయిదు బైట్లు చూసి ఉంటే మన సర్వరుకు అది పీడీఎఫ్ అని ఇట్టే తెలిసేది.

ఇదేమీ కొత్త విద్య కాదు. యూనిక్స్‌లో ‘ఫైల్’ అనే ఆదేశం 1970ల నుంచి ఉంది. లోపల చూసి రకం చెప్పడమే దాని పని. పీహెచ్‌పీలో 2009లో వచ్చిన 5.3 కూర్పు నుంచి ఈ సౌకర్యం దానితోపాటే వస్తోంది. పైథాన్‌కు, జావాకు ఉచిత లైబ్రరీలు ఉన్నాయి. పైసా ఖర్చు లేదు. మేము వాడలేదు, అంతే.

ఇప్పుడు కార్యవర్గంలో పెద్దలు అన్న మాటలకు వద్దాం.

మొదటి మాట: ‘ఫైలు పేరు ఇంగ్లీషులోనే పెట్టాలి అని పోర్టల్లో ఒక నోటీసు పెడితే సరిపోతుంది కదా.’ ఈ మాట దగ్గరే మాకు కోపం వచ్చింది. ఏ మాత్రం దాచుకోం. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం తన బాధను కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. భాషా అల్పసంఖ్యాకుల కోసం 350ఏ, 350బీ అధికరణాలు 1956లో చేర్చారు. మన వినతిపత్రాల్లో ఈ అంకెలు ఎన్నిసార్లు రాశాం? తెలుగులో రాస్తే తీసుకోవాలి అని కలెక్టరాఫీసు ముందు మనమే అడుగుతాం. మన గుమ్మం దగ్గర మాత్రం తెలుగులో పేరు పెట్టొద్దు అని బోర్డు పెడతామా? ఆదివారం అక్షరాలు దిద్దించి, సోమవారం వాటిని చెత్తలో వేస్తామా?

ఇంకో సంగతి తెలుసా? కంటెంట్ టైపు అనే పద్ధతి వెబ్ కోసం కాదు, ఈమెయిల్ కోసం పుట్టింది. 1992లో నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ ‘మైమ్’ అనే ప్రమాణాన్ని రాశారు. ఇంగ్లీషుకు సరిపోయే అక్షరాలతో మాత్రమే నడిచే మెయిల్లో బొమ్మలూ, శబ్దాలూ, వేరే భాషల అక్షరాలూ పోవాలన్నదే దాని ఉద్దేశం. అంటే ఇంగ్లీషు కాని భాషలకు చోటివ్వడం దాని పుట్టుకలోనే ఉంది. అంతకు ముందే, 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులో తెలుగు ఉంది. ప్రపంచం చోటిచ్చింది. చోటివ్వనిది మన సంఘం పోర్టలే.

రెండో మాట: ‘ఇది భద్రత కోసం పెట్టిన కట్టడి, సడలిస్తే ప్రమాదం.’ పేరులో పాడు గుర్తులు పెట్టి వేరే ఫోల్డరులోకి చొరబడేవాళ్లు ఉన్నారు, నిజమే. దానికి మందు తెలుగును తీసేయడం కాదు. పంపినవాళ్లు పెట్టిన పేరుతో అసలు దాచకూడదు. సర్వరే ఒక అంకెల పేరు పెట్టుకోవాలి, అసలు పేరును తెలుగులోనే డేటాబేసులో రాసుకోవాలి. అప్పుడు ఒకరి ఫైలు ఇంకొకరి మీద పడదు కూడా.

ఇక ఇప్పుడున్నది భద్రత అంటున్నారు కదా, పరీక్ష చేసి చూశాం. నాలుగు ముక్కలు టైపు చేసిన ఉత్త రాత ఫైలుకు జేపీజీ తోక తగిలించి ‘ఫొటో’ అని ఇంగ్లీషులో పేరు పెట్టి ఎక్కించాం. పోర్టలు మారుమాట లేకుండా తీసుకుంది. అంటే ఇంగ్లీషు పేరున్న దొంగ ఫైలు లోపలికి వచ్చింది, తెలుగు పేరున్న నిజమైన పత్రం పోయింది. ఇదా భద్రత?

ఇంకోటి చూడండి. ఐఫోన్లలో 2017 నుంచి ఫొటోలు హెచ్ఈఐసీ అనే రకంలో కూడా ఉంటున్నాయి. ఎవరో తెలియక తోక మార్చి జేపీజీ అని పంపితే పేరు చూసే పోర్టలు ‘అందింది’ అంటుంది. తర్వాత మన ఆఫీసు కంప్యూటర్లో తెరుచుకోకపోతే మళ్లీ తిరస్కరణే. లోపల చూసే పోర్టలైతే ఎక్కించేటప్పుడే ‘ఇది వేరే రకం, జేపీఈజీగా మార్చి పంపండి’ అని చెబుతుంది. తప్పు ఆ క్షణంలో చెబితే పిల్ల దిద్దుకుంటుంది. పదిహేను రోజుల తర్వాత జాబితాలో చెబితే ఏం చేస్తుంది?

మూడో మాట: ‘లోపల చూసినా మోసం చేయొచ్చు కదా.’ చేయొచ్చు. ఈ మాట అన్న సభ్యుడికి విషయం తెలుసు, ఆయన మాట మేము కాదనం. వర్డు, ఎక్సెల్ కొత్త రకం ఫైళ్లన్నీ లోపల జిప్ మూటలే, కాబట్టి మొదటి రెండు బైట్లు చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, ఇంకా లోపలికి వెళ్లాలి. ఉత్త రాతకూ, సీఎస్‌వీకీ అసలు గుర్తే ఉండదు. ముందు సరైన గుర్తు పెట్టి వెనుక ఇంకేదో దాచేవాళ్లూ ఉన్నారు. అందుకే ఒక్క తాళంతో సరిపెట్టకూడదు అంటున్నాం. మనకు కావాల్సింది పీడీఎఫ్, జేపీఈజీ, పీఎన్‌జీ మూడే, మిగతావి తీసుకోవద్దు. బొమ్మలైతే ఒకసారి తెరిచి మళ్లీ కొత్తగా సేవ్ చేయాలి. ఫైళ్లను వెబ్ ఫోల్డరు బయట పెట్టాలి. చూపించేటప్పుడు లోపల చూసి తేల్చిన రకాన్నే చెప్పి, ‘నువ్వు సొంతంగా ఊహించుకోవద్దు’ అని బ్రౌజరుకు చెప్పే నోస్నిఫ్ హెడరు పెట్టాలి. తాళం పగలగొట్టేవాడు ఉన్నాడని తలుపు తీసి ఉంచుతామా?

నాలుగో మాట: ‘నిబంధన నిబంధనే, ఆ పిల్లను వచ్చే ఏడు పెట్టుకోమనండి.’ ఏ నిబంధన? ఫైలు పేరు ఇంగ్లీషులో ఉండాలని మనం ఎక్కడా రాయలేదు. ఆ పిల్ల పత్రం ఇచ్చింది, మనం అందింది అన్నాం, తర్వాత మనమే పోగొట్టాం. ఆఫీసులో కాగితం పోగొట్టిన గుమాస్తా ‘నువ్వు ఇవ్వలేదు’ అంటే మనం ఊరుకుంటామా? వచ్చే ఏటికి ఆ పిల్ల కాలేజీలో ఉంటుందో, తల్లితో తోటలో ఉంటుందో ఎవరు చెప్పగలరు?

అందుకే మేము అడిగేవి మూడు.

ఒకటి. ఆ పిల్ల దరఖాస్తును తిరిగి తీసుకోవాలి. మనవల్ల జరిగిన తప్పు అని రాసిచ్చి, పత్రం చేతికి తీసుకోవాలి. ఆ అబ్బాయి పత్రం నిలిచింది గానీ పేరు అతనిదీ పోయింది, అతని దరఖాస్తునూ మళ్లీ చూడాలి. అంతవరకూ తుది జాబితా ఆపాలి.

రెండు. ‘ఇంగ్లీషులోనే పేరు పెట్టండి’ అన్న నోటీసు పెట్టకూడదు.

మూడు. పైన చెప్పిన మార్పులన్నీ అయ్యేదాకా పోర్టల్లో ఫైళ్లు తీసుకోవడం ఆపాలి. మాకు రెండు మూడు రాత్రుల పని. డబ్బులు అడగడం లేదు, అనుమతి అడుగుతున్నాం.

బళ్లారి, సోలాపురం, బరంపురం, యానాం సంఘాల మిత్రులు కూడా ఈ పోస్టు చదువుతారని తెలుసు. మీ సైటుంటే ఈ రాత్రే ఒక పరీక్ష చేయండి. ఒక పీడీఎఫ్‌కు పూర్తిగా తెలుగులో పేరు పెట్టి ఎక్కించండి. ఇంకో పేరుతో ఇంకోటి ఎక్కించండి. తర్వాత రెండూ తెరిచి చూడండి. కన్నడంలో, మరాఠీలో, ఒడియాలో పేరు పెట్టినా ఇదే గతి పట్టొచ్చు, కాబట్టి పక్కింటివాళ్లకూ చెప్పండి.

సభ్యులు తమ మాట కింద రాయండి. ఒప్పుకోని వాళ్లు మరీ రాయండి. మేము మాత్రం వచ్చే ఆదివారం తరగతికి తాళం తీసేలోపు ఆ తల్లికి ఒక జవాబు చెప్పాలి. ఆ జవాబు ఏమిటో మీరే చెప్పండి.