బొమ్మ చెప్పేది ఒకటి, నియమం నేర్పేది మరొకటి



ఏడవ తరగతిలో నేను చేసిన ఒక పొరపాటుతో ఈ వ్యాసం ప్రారంభిస్తున్నాను. పిల్లలు తెలుగు కథలు చదవడం లేదన్న బాధతో బేతాళ కథలను ఒక ఆటగా మలచాను. పెద్ద అట్ట మీద శ్మశానం, చెట్టు, రాజమార్గం గీయించాను. ఒకరు బేతాళుడు, ఒకరు విక్రమార్కుడు. బేతాళుడు కథ చెప్పి చివర ప్రశ్న వేయాలి. విక్రమార్కుడు సరియైన సమాధానం చెబితే ఐదు గళ్ళు ముందుకు, ఐదు మార్కులు. అట్ట చూసి సహోపాధ్యాయులు మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

రెండవ రోజున చివరి వరుసలోని ఒక బాలిక లేచి, "మాస్టారూ, విక్రమార్కుడు మాట్లాడితే బేతాళుడు మళ్ళీ చెట్టెక్కేస్తాడు కదండీ! మరి మమ్మల్ని ముందుకు ఎందుకు జరుపుతున్నారండీ?" అని అడిగింది.

నా వద్ద సమాధానం లేదు. నేను గీయించిన లోకం విక్రమార్కునిది. నేను పెట్టిన నియమం మాత్రం పరీక్ష హాలుది. కథలో నోరు విప్పడం రాజుకు ఓటమి. నా ఆటలో అదే గెలుపు. అప్పటికే పిల్లలు కథ వినడం మాని, మార్కులు లెక్క పెట్టుకుంటున్నారు. తప్పు వారిది కాదు. ఏ ఆటలోనైనా పిల్లవాడు బొమ్మను చూసి ఆనందిస్తాడు, నేర్చుకోవడం మాత్రం నియమం నుండే నేర్చుకుంటాడు. ఈ ఒక్క మాట చెప్పడానికే ఈ వ్యాసం.

మన ఇళ్ళలోని వైకుంఠపాళిని చూడండి. నిచ్చెనల వద్ద సద్గుణాలు, పాము నోళ్ళ వద్ద దుర్గుణాలు, పైన వైకుంఠం. పటం ఒక నీతిశాస్త్రమే. అయితే నియమం ఏమంటున్నది? ఏ గడిలో కాలు పెట్టాలో నిర్ణయించేది ఆడేవాడు కాదు, గవ్వలు. దానమనే నిచ్చెన ఎక్కినవాడు దానం చేయలేదు. పాము నోట పడినవాడు పాపం చేయలేదు. పూర్వకర్మను నమ్మిన పెద్దలకు ఈ నియమం సహజంగానే తోచి ఉండవచ్చు. ఆ నమ్మకం తెలియని నేటి బాలునికి మాత్రం మిగిలేది "అంతా అదృష్టమే" అన్న పాఠం. ఈ ఆట పంతొమ్మిదవ శతాబ్ది చివరలో ఇంగ్లండు చేరింది. క్రమంగా గుణాల పేర్లు చెరిగిపోయి, పాములు, నిచ్చెనలు, అంకెలు మాత్రమే మిగిలాయి. పేర్లు పోయినా ఆట ఆగలేదు. నియమం ఆ పేర్ల మీద ఆధారపడి లేదు గనుకనే అది సాధ్యమైంది.

ఇప్పుడు పులి–మేక ఆటను తలచుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దానిని చంపగలదు. మేక దేనినీ చంపలేదు. కానీ మేకలన్నీ కూడి పులులకు కదలడానికి దారి లేకుండా కట్టివేస్తే, గెలుపు మేకలదే. ఒంటరిగా దొరికిన మేక పోతుంది, వెనుక తోడున్న మేక నిలుస్తుంది. ఐకమత్యం మీద ఉపన్యాసం ఏదీ ఆ పటం మీద వ్రాసి ఉండదు. నాలుగు ఆటలు ఆడిన పిల్లవానికి చెప్పనవసరమూ లేదు. ఇక్కడ లోకమూ నియమమూ ఒక్కటే. పులి పేరు తీసి మరేదో పెట్టినా, ఆడేవారు కొద్దిసేపటికే అందులో ఒక క్రూరమృగాన్ని గుర్తిస్తారు.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ విషయమే ప్రస్తావనకు వచ్చింది. అతడు స్నేహితులతో కలిసి "డంజన్స్ అండ్ డ్రాగన్స్" ఆడుతుంటాడు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ఆట అది. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవారు వీరులుగా, మాంత్రికులుగా పాత్రలు ధరించి, ఏమి చేయదలచారో నోటితో చెబుతారు. ఫలితం తేలనిచోట పాచికలు వేస్తారు. ఆ ఆట తొలి రూపాలలో మాంత్రికుడు మంత్రాన్ని ముందుగా కంఠస్థం చేయవలసి ఉండేది. ఒకసారి ప్రయోగించగానే అది స్మృతి నుండి చెరిగిపోయేది. జాక్ వాన్స్ అనే రచయిత 1950లో ప్రచురించిన "ది డయింగ్ ఎర్త్" కథలలోని మంత్రవిద్య నుండి ఆ నియమం వచ్చింది. కథాలోకంలోని ఒక విశేషం ఆటలో నియమమైంది. అందుచేత ఆడేవాడు కూడా నిజమైన మాంత్రికుని వలె, ఉన్న ఒక్క మంత్రాన్ని ఎప్పుడు వాడాలా అని ఆలోచించేవాడు.

అదే ఆట తొలి నియమాలలో, కనుగొని తెచ్చిన బంగారానికి తగినట్లుగా వీరుని అనుభవం పెరిగేది. మా మేనల్లుడు నవ్వుతూ, "అప్పట్లో రాక్షసుణ్ణి చంపడం కంటే, వాడు నిద్రపోతుండగా సొమ్ము దాటించడమే లాభం మావయ్యా" అన్నాడు. పుస్తకం అట్ట మీద వీరుడు, లోపలి నియమంలో నిధి వేటగాడు. ఆడేవారు ఎవరిని అనుసరిస్తారో వేరే చెప్పాలా? నా ఐదు మార్కులు చేసిన పని కూడా అదే.

నియమం లోకాన్ని మలచడం మన యానాం వారికి కొత్త సంగతి కాదు. అదే గోదావరి, అదే తెలుగు, అటూ ఇటూ అదే బంధువర్గం. అయినా 1929 నాటి శారదా చట్టం బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించినప్పుడు, ఆ చట్టం ఫ్రెంచివారి ఏలుబడిలోని యానాంకు వర్తించలేదు. పొరుగు గ్రామాల వారు ఇక్కడికి వచ్చి పెళ్ళిళ్ళు జరిపించుకున్నారు. ఊరికి కళ్యాణపురమనే పేరు వచ్చింది. పేరు మంగళకరమైనదే. కానీ ఆ పెళ్ళిపందిళ్ళలో కూర్చున్న పసిపిల్లలను తలచుకుంటే, పేరును బట్టి దేనినీ నిర్ణయించరాదని తెలుస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశమున్నది. చదరంగంలో మనం మంత్రి అనే బలాన్ని ఫ్రెంచివారు "దామ్", అనగా దొరసాని, అంటారు. మన శకటు వారికి "ఫూ", అనగా విదూషకుడు. పేర్లు మారినా ఎత్తులు మారలేదు. కనుక లోకం కేవలం పైపూత, నియమమే ఆట అని వాదించవచ్చు. చదరంగం వరకు ఆ వాదం నిజమే. కానీ చదరంగం ఆడి మంత్రాంగం నేర్చినవారు లేరు. మనం భాషోపాధ్యాయులం. మనకు కావలసింది ఎత్తులు కాదు, మాటలు. ఆ మాటలు పుట్టేది లోకంలో నుండి. నియమం ఆ లోకంలోనికి పిల్లవానిని నెట్టాలి, బయటికి లాగరాదు.

ఆ బాలిక ప్రశ్న తరువాత నేను మార్కులు తీసివేశాను. కథలోని షరతులనే నియమాలుగా పెట్టాను. విక్రమార్కుడు సమాధానం చెబితే శవం చెట్టుకు చేరుతుంది, అతడు కిటికీ దాకా వెనక్కి నడవాలి. మౌనంగా ఉంటే తరగతి అతనిని మూడు ప్రశ్నలు అడుగుతుంది. సమాధానం తెలిసీ దాచాడని తేలితే తల పగిలినట్లే, కిరీటం మరొకరికి. నిజంగా జవాబు లేని ప్రశ్న ఎదురైననాడే ఆట ముగుస్తుంది. కథలలోనూ అంతే కదా! చివరి ప్రశ్నకు రాజు వద్ద జవాబు లేకపోయింది, అందుకే మౌనం నిలిచింది.

ఆ తరువాత జరిగినది నేను ఊహించనిది. ఆట ముగించాలన్న పట్టుదలతో పిల్లలు జవాబు లేని ప్రశ్నల కోసం వెదికి, సొంతంగా కథలు వ్రాయసాగారు. 2022 జూలై వరదను కళ్ళారా చూసిన పిల్లలు వారు. వరదలో ఒక్క పడవ, రెండు ఇళ్ళు, ఒక ఇంట ముసలి తల్లి, మరొక ఇంట పరాయి పసిబిడ్డ. పడవవాడు ఎటు పోవాలని ఒక బాలుడు అడిగాడు. తరగతి అంతా తెలుగులో వాదించుకున్నది. ఎవరూ నన్ను మార్కులు అడగలేదు.

ఇందువలన పరీక్షలో మార్కులు పెరిగాయని నేను చెప్పను. ఆరు పీరియడ్లు పట్టింది, రెండు పాఠాలు వెనుకబడ్డాయి. పుదుచ్చేరి పాలనలో ఉన్న ఈ తెలుగు ఊరిలో, తెలుగు పీరియడు ఎంత విలువైనదో నాకు తెలియనిది కాదు. విలువైనది గనుకనే దానిని బొమ్మలతో మోసపుచ్చరాదంటున్నాను. అక్షరాలు అతికించిన ప్రతి అట్టా తెలుగు ఆట కాదు.

కనుక ఉపాధ్యాయ మిత్రులారా, తరగతికి ఆట తెచ్చేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇందులో గెలవడానికి పిల్లవాడు నిజంగా ఏమి చేయాలి? తల్లిదండ్రులారా, ఈ సెలవులలో పిల్లలతో పులి–మేక ఆడండి. మొదట వారిని మేకల పక్షాన కూర్చోబెట్టండి. ఓడిన తరువాత ఎందుకు ఓడారో తెలుగులో చెప్పమనండి. ఆ నాలుగు మాటలే ఆ పూటకు పాఠం.

స్వస్తి.