జోస్యమునకు జవాబు

పురాణములలోను, జానపద కథలలోను జోస్యమునకు ఉన్న చోటు చిన్నది కాదు. చెల్లెలిని అత్తవారింటికి సాగనంపుతున్న కంసునికి ఆకాశవాణి వినిపించినది. పసిబిడ్డను ఎత్తుకొన్న శుద్ధోదనునితో అసిత మహర్షి భవిష్యత్తు చెప్పినాడు. విన్న మాటను తప్పించుకొనుటకు ఒకడు చెల్లెలిని చెరలో పెట్టినాడు; ఇంకొకడు కొడుకును మేడలో దాచినాడు. ఇద్దరి ప్రయత్నమూ వృథా అయినది. ఇట్టి కథలు వింటూ పెరిగిన పాఠకునికి ఒక నమ్మకము స్థిరపడుతుంది: కథలో జోస్యము వినబడినదంటే అది జరిగి తీరవలసినదే.

నేటి అద్భుత గాథలు ఈ సంప్రదాయమును వారసత్వముగా స్వీకరించినవి. అయితే వానిలో ఒక కొత్త పాత్ర తరచుగా కనబడుతున్నది. ఆమె జోస్యమును నమ్మని నాయిక. పెద్దలు ఆమెను లోకమును ఉద్ధరించుటకు పుట్టినదానవంటారు; ఆమె నవ్వుతుంది, వాదిస్తుంది, పారిపోతుంది. చివరకు పెద్దల మాటే నిజమవుతుంది. నాయిక తల వంచుతుంది. ఇట్టి కథలో సందేహము ఓడిపోవుటకే పుట్టినది. కూరలో కరివేపాకు వలె వాసన కొరకు వేసి, తినేటప్పుడు ఏరి పారవేసే వస్తువు అది. సందేహించే బుద్ధిని గౌరవిస్తున్నట్లు కనబడుతూనే, సందేహము వ్యర్థమని బోధించే ఈ పద్ధతి చిన్న వయస్సు పాఠకులకు మేలు చేయదు.

ఈ దారిన పోని రచన ఒకటి ఉన్నది. అమెరికా రచయిత్రి అర్సులా కె. లెగ్విన్ (1929–2018) బాలబాలికల కొరకు వ్రాసిన ఎర్త్‌సీ గాథలలో రెండవది, 1971లో వెలువడిన 'ద టూంబ్స్ ఆఫ్ ఆటువాన్'. ఎర్త్‌సీ కల్పిత ద్వీప ప్రపంచము. అందులోని ఆటువాన్ ద్వీపములో, ఒక ఎడారి నడుమ, పేరు లేని చీకటి శక్తులకు అతి ప్రాచీనమైన ఆరాధనాస్థలము ఉన్నది. అక్కడి ప్రధాన పూజారిణికి మరణము లేదని ఆ దేశపు విశ్వాసము. ఆమె కన్నుమూసిన రాత్రి పుట్టిన ఆడశిశువును వెదకి, ఆమెయే మరల జన్మించినదని ప్రకటిస్తారు. టెనార్ అనే పేద పిల్లను అట్లే అయిదేండ్ల ప్రాయములో తల్లిదండ్రుల నుండి తీసుకొనిపోతారు. ఆరవ యేట దీక్ష జరుగుతుంది. మెడపై కత్తి ఎత్తి, ఆపి, ఆమె పేరును చీకటి శక్తులకు సమర్పిస్తారు. ఆనాటి నుండి ఆమె పేరు అర్హా. తెలుగు చెవికి ఈ మాట యోగ్యురాలు అన్నట్లు వినిపిస్తుంది. కాని ఆ దేశభాషలో దాని అర్థము భక్షింపబడినది అని. ఎంపికైన బిడ్డకు గౌరవముగా కనబడేదే ఆమెను మింగివేసినదన్నమాట.

ఆ పిల్ల పూర్వజన్మకు ఋజువు ఏమిటి? పుట్టిన వేళ తప్ప వేరేమీ లేదు. కాని చుట్టూ ఉన్నవారందరూ ప్రతిదినము అదే మాట చెపుతారు. తనకు గుర్తు లేని పనులను కూడ, పూర్వము నీవే చేసినావంటారు. పదే పదే చెప్పిన మాట పసిమనస్సులో జ్ఞాపకమంత గట్టిగా నాటుకొంటుంది. లెగ్విన్ ప్రతిభ ఇక్కడ మొదలవుతుంది. ఆమె నాయిక సందేహముతో పుట్టలేదు. పూర్ణవిశ్వాసముతో పెరిగి, విశ్వాసములోని పగుళ్ళను ఒక్కొక్కటిగా చూచినది. పెంతె అనే తిండిప్రియురాలైన తోటి బాలిక దేవతలను గూర్చి తేలికగా మాట్లాడినప్పుడు అర్హా నిర్ఘాంతపోతుంది. లోకములో నమ్మనివారు కూడ ఉంటారని ఆమెకు అంతవరకు తెలియదు. తన ఆజ్ఞతో బందీలు అన్నపానములు లేక మరణించినప్పుడు పీడకలలు ఆమెను వెంటాడుతాయి. వెలుతురు నిషిద్ధమైన భూగర్భ గుహలో గెడ్ అనే మాంత్రికుడు దీపకాంతితో నిలబడి ఉండగా చూస్తుంది. గుహ కూలలేదు, చీకటి శక్తులు అతనిని చంపలేదు. పైగా తాను అంతవరకు తడుముకొంటూ తిరిగిన ఆ గోడలు మణులవలె మెరుస్తూ, ఎంతో అందముగా ఉన్నవని మొదటిసారి తెలుసుకొంటుంది.

సామాన్య రచయిత అయితే ఇక్కడ కథను రెండు దారులలో ఏదో ఒకదానికి మళ్ళించి ఉండేవాడు: ఆ శక్తులు ఉన్నవి కనుక లోబడవలె, లేదా అవి లేవు కనుక విడుదల. లెగ్విన్ రెంటినీ కాదన్నది. కోసిల్ అనే మరొక పూజారిణికి ఆ శక్తులపై ఏ నమ్మకమూ లేదు. అయినను ఆమె స్వతంత్రురాలు కాదు. ఇతరుల నమ్మకమును ఆయుధముగా చేసుకొని పెత్తనము సాగిస్తున్నది. అవిశ్వాసము ఒక్కటే మనిషిని విముక్తుని చేయదనుటకు కోసిల్ నిదర్శనము. గెడ్ మాటలో మరింత లోతు ఉన్నది. ఆ శక్తులు ఉన్నవనియే అతడు చెపుతాడు. కాని అవి పూజార్హములు కావనీ, ఒక మనిషి జీవితమును ఇమ్మని అడిగే హక్కు వానికి లేదనీ అంటాడు.

జోస్యమును గూర్చి అడుగవలసిన ప్రశ్నలు రెండు ఉన్నవని ఈ సంభాషణ తేటపరుస్తున్నది. ఇది నిజమా అనునది మొదటిది. నిజమే అయినను, దీనికి నాపై అధికారము ఉన్నదా అనునది రెండవది. మొదటి ప్రశ్నకు జవాబు దొరకక జీవితమంతా తడబడేవారు ఎందరో ఉన్నారు. రెండవ ప్రశ్నకు జవాబు ఎవరికి వారు చెప్పుకొనక తప్పదు. టెనార్ తన పేరును తిరిగి స్వీకరించి, చీకటి నుండి నడచి బయటకు వస్తుంది. ఆ విడుదల పండుగ వలె ఉండదు. వ్యర్థమైన ఏండ్లను తలచుకొని ఆమె ఏడుస్తుంది. తనను విడిపించినవానినే చంపుదామా అన్నంత దిగులు పడుతుంది. స్వేచ్ఛ బరువైనదని బాలసాహిత్యములో ఇంత నిజాయితీగా చెప్పిన రచనలు అరుదు.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. గెడ్‌తో కలిసి ఆమె బయటకు తెచ్చిన కంకణము లోకమునకు శాంతిని కలిగించేదే గదా, ఒక విధి నుండి మరొక విధికి మారుటయే గదా అని కొందరు అనవచ్చును. ఈ ఆక్షేపణలో బలము లేకపోలేదు. 1990లో వెలువడిన 'టెహాను' నవలలో దీనికి సమాధానము దొరుకుతుంది. అందులో టెనార్ మహారాణి కాదు, మంత్రగత్తె కాదు. గాంట్ ద్వీపములో ఒక రైతును వివాహమాడి, పిల్లలను పెంచి, వితంతువైన సామాన్య గృహిణి. గొప్పదనమును ఆమె కోరి వదలుకొన్నది. కాలిన గాయములతో బ్రతికి బయటపడిన ఒక పసిపిల్లను చేరదీస్తుంది. మరణశయ్యపై ఉన్న వృద్ధ మాంత్రికుడు ఓగియన్ ఆ పిల్లను చూచి, లోకము ఈమెకు భయపడుతుందని చెపుతాడు. అది జోస్యమే. కాని దానితోపాటు అతడు టెనార్‌ను కోరినది ఒక్కటే: ఈ పిల్లకు అన్నియు నేర్పుమని. జోస్యమునకు చదువును జవాబుగా నిలిపిన ఈ ఘట్టము ఉపాధ్యాయులందరు చదువదగినది.

ఈ రెండవ ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. ఎఱ్ఱాప్రగడ పూరించిన అరణ్యపర్వ భాగములోని సావిత్రి కథను మరల చదివిచూడవలె. సత్యవంతునికి సంవత్సరమే ఆయుర్దాయమని నారదుడు చెప్పినాడు. మరొకరిని వరింపుమని తండ్రి అశ్వపతి కోరినాడు. సావిత్రి నారదుని మాట అబద్ధమనలేదు. అది నిజమే కావచ్చును. కాని తన నిర్ణయమును మార్చే అధికారము దానికి లేదన్నదే ఆమె పక్షము. ఆమె జోస్యమును మరచిపోనూ లేదు. దినములు లెక్కపెట్టినది, మూడు రాత్రులు వ్రతము పట్టినది, ఆనాడు భర్త వెంట అడవికి నడచినది. చివరకు యముని మనస్సును మార్చినవి ఆమె కన్నీళ్ళు కావు, ఆమె పలికిన ధర్మవాక్యములు. తరగతిలో ఈ కథను పాతివ్రత్య మహిమగా మాత్రమే చెప్పి ముగించుట పరిపాటి అయినది. పెద్దల సభలో భవిష్యత్తును విని కూడ స్థిరముగా నిలిచిన కన్యక బుద్ధిబలము ఆ చెప్పుటలో మరుగున పడుతున్నది.

ఈ చర్చ కథలతో ముగిసేది కాదు. జోస్యము చెప్పేవారు పంచాంగములు పట్టుకొని తిరిగేవారు మాత్రమే కారు. వీనికి లెక్కలు రావు, ఈ పిల్ల చదివి ఏమి చేస్తుంది అనే మాటలు బడులలో, ఇండ్లలో వినబడుతూనే ఉన్నవి. చెప్పుట వలననే నిజమయ్యే జోస్యములు ఉన్నవని అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ 1948లో ఒక వ్యాసములో వివరించినాడు. 1968లో రోజెంతాల్, జాకబ్సన్ అనే పరిశోధకులు కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో జరిపిన ప్రయోగమును ప్రకటించినారు. కొందరు విద్యార్థులను చీట్లు తీసినట్లు ఎంచి, వీరు త్వరలో బాగుగా రాణించగలరని వారు ఉపాధ్యాయులకు చెప్పినారు. చిన్న తరగతులలో అట్టి పిల్లల బుద్ధిపరీక్షల ఫలితములు మిగిలినవారికంటె ఎక్కువ పెరిగినవని వారి నిర్ణయము. ఆ ఫలితముల పరిమాణమును గూర్చి తరువాతి పండితులు వాదించినారు. కాని గురువు మాటకు బరువు ఉన్నదన్న సంగతిని తరగతిలో ఒక్కరోజు గడిపినవారెవరూ కాదనలేరు.

కనుక జోస్యమును నమ్మని నాయిక కథలు పిల్లల చేతికి రావలె. కాని ఆమె సందేహమును చివరి పుటలో అపహాస్యము చేసే కథలు కాదు. అట్టి కథ చదివిన బాలిక రేపు తన నొసటి వ్రాతను గూర్చి ఎవరో చెప్పగా వినవలసి వచ్చును. వెంటనే నమ్మవలసిన పని లేదు. కోపముతో కాదనవలసిన పని కూడ లేదు. టెనార్ వలె తన పేరు తాను గుర్తుంచుకొని, సావిత్రి వలె ఆ మాట పూర్తిగా విని, ఆపైన ఏమి చేయవలెనో తానే నిర్ణయించుకొంటే చాలును. పాఠము చెప్పేవారు చేయవలసినదీ ఒకటి ఉన్నది: వెనుక బల్లమీది పిల్లవానిని గూర్చి నోటికి వచ్చిన జోస్యమును ఆపుకొని, ఆనాటి లెక్కను వానికి ఇంకొకసారి చెప్పుట.