రెండు సీసాలు - ఒక మనవి

వార్షిక స్టాకు తనిఖీకి ఒక శాఖవారిని మరొక శాఖకు పంపుట మన కళాశాలలో ఆనవాయితీ. ఆ విధంగా తెలుగు శాఖకు చెందిన మేము నిరుడు రసాయన ప్రయోగశాలకు వెళ్లవలసి వచ్చింది. సీసపద్యాల వారికి సీసాల లెక్క అప్పగించారని మిత్రులు పరిహసించారు.

అలమారు అడుగు అరలో చీటీలు చెరిగిన రెండు సీసాలు కనిపించాయి. ఒకటి మాంసకృత్తుల పరీక్షకు వాడే మిలన్ ద్రవం, అనగా నత్రికామ్లంలో కరిగించిన పాదరసం. రెండవది స్పిరిట్. ఈ సంగతి ఆ శాఖవారి జ్ఞాపకం మీదనే తెలిసింది తప్ప సీసాలు చెప్పలేదు. "సార్, రెండింట్ల జరంత జరంతనే ఉన్నది. ఒక్కదాంట్ల పొయ్యాల్నా?" అని అటెండరు అడిగాడు. పొయ్యమనబోయాము. రసాయనశాఖ మిత్రులు పరుగున వచ్చి రెండు సీసాలనూ చెరొక బల్లపైకి మార్చారు.

పాదరసం, నత్రికామ్లం, స్పిరిట్ ఒకచోట చేరినచో పాదరస ఫల్మినేటు పుట్టే ప్రమాదం కలదు. చూపునకు అది బూడిదవన్నె స్ఫటికాల పొడి. నిప్పు తగిలినా, దెబ్బ తగిలినా, ఒరిపిడి కలిగినా పేలుతుంది. సీసా మరలో ఇరుక్కున్న పలుకు మూత తిప్పినంత మాత్రాన పేలవచ్చు. 1800లో దీనిని లోకానికి వివరించిన ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ హోవర్డ్ స్వయంగా గాయపడ్డాడు. దాని బరువులో సుమారు 70 శాతం పాదరసమే. కనుక పేలుడుతో కీడు ముగియదు. వెలువడిన పాదరసపు ఆవిరి పీల్చినవారి నాడీమండలాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఇంకొక వింత. ఫల్మినేటులోని పరమాణువులే, అదే లెక్కలో, క్రమం మారితే సయనేటు అవుతుంది. వెండి ఫల్మినేటు ఘోరంగా పేలగా వెండి సయనేటు ఆ విధంగా పేలదు. 1820 దశకంలో లీబిగ్, వోలర్ అనే జర్మన్ పండితులు ఈ విషయమై తికమకపడ్డారు. మాకు మాత్రం ఇది సులభంగానే బోధపడింది: 'పలక'ను తిరగవేస్తే 'కలప'. అక్షరాలు అవే, వస్తువు వేరు.

ఇదంతా సీమదేశపు ముచ్చట అని విద్యార్థులు తలచరాదు. 1860 దశకంలో ఆల్ఫ్రెడ్ నోబెల్ ఫల్మినేటు నింపిన చిన్న గొట్టంతో పెద్ద మందుపాతరను పేల్చే పద్ధతి కనుగొన్నాడు. రాతినేల గల మన నల్లగొండ, పాలమూరు జిల్లాలలో బావి తవ్వాలన్నా, క్వారీలో బండ తీయాలన్నా డిటోనేటరు పేరు తెలియనివారు అరుదు. ఆనకట్టలకు, కాలువలకు దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల బిడ్డలు మన తరగతులలోనే ఉన్నారు. నేటి డిటోనేటర్లలో ఫల్మినేటు స్థానాన్ని సీసపు అజైడు వంటివి ఆక్రమించాయి. ఫల్మినేటు అల్యూమినియంతో పొసగదు, అజైడు రాగితో పొసగదు. అందుకే పాత గొట్టాలు రాగివి, కొత్తవి ఎక్కువగా అల్యూమినియంవి. ఏ లోహమైనా సరే, పొలంగట్టున దొరికిన గొట్టాన్ని జేబులో వేసుకొనరాదు, పుల్లతో గెలకరాదు. పోలీసులకు తెలుపవలెను.

కోపం వస్తే 'పారా చఢ్ గయా' అని ఉర్దూలో అంటారు. పారా అంటే పాదరసమే. ప్రయోగశాలలో దాని కోపానికి మాత్రం ముందు సూచన ఉండదు.

యాజమాన్య సంఘంవారికి మా మనవి. మాంసకృత్తుల పరీక్షకు బయూరెట్ పద్ధతి చాలును. మిలన్ ద్రవం కొనుట మానవచ్చును. పాదరస వాడకాన్ని తగ్గించుటకై ఏర్పడిన మినమాటా ఒడంబడికను మన దేశం 2018లోనే ఆమోదించింది. ఉన్న ద్రవాన్ని తొట్టిలో పారబోయించరాదు. అది మురుగుకాలువ గుండా చెరువు చేరుతుంది. ప్రమాదకర వ్యర్థాలను తీసుకొనుటకు అనుమతి గలవారికే అప్పగించవలెను. స్పిరిట్‌కు వేరొక అలమారు కావలెను. అది వార్షికోత్సవపు షామియానా కంటె ప్రియమేమీ కాదని మా అంచనా.

ఇక చీటీల సంగతి. సీసాలు కడిగేది అటెండరు, వాటిపై పేర్లు ఇంగ్లీషులో! ఆ రెండు సీసాలకు తెలుగు చీటీలు మేమే రాసి అంటించాము, ఉర్దూ చీటీలు ఉర్దూ శాఖవారు రాసి ఇచ్చారు. మిగిలిన అలమారులన్నీ ఇంకా అలాగే ఉన్నాయి.