ఇల్లు చేరే గంట



కరోనా రెండో వేవ్‌లో హైదరాబాద్‌కు లాక్‌డౌన్ అక్కర్లేదని ఎవరూ అనలేరు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ సిలిండర్ కోసం, ఆస్పత్రిలో ఒక్క బెడ్ కోసం జనం ఎంత అల్లాడారో నగరమంతా చూసింది. పొరపాటల్లా సడలింపు వేళల దగ్గర జరిగింది. కొట్టు మూసే వేళా, మనిషి ఇంట్లో ఉండాల్సిన వేళా ఒక్కటే అయితే ఆ నిబంధనను పాటించడం ఎవరి వల్లా కాదు.

మే 11 మధ్యాహ్నం రాష్ట్ర మంత్రివర్గం లాక్‌డౌన్ నిర్ణయం తీసుకుంది. మర్నాడు ఉదయం 10 గంటలకే లాక్‌డౌన్ మొదలైంది. రోజూ ఉదయం 6 నుంచి 10 దాకా సడలింపు. అదీ రంజాన్ పండగకు రెండు రోజుల ముందు.

తోపుడు బండి మీద ఆకుకూరలు అమ్ముకునే మనిషికి ఈ నాలుగు గంటలు ఎలా గడిచి ఉంటాయో లెక్క వేసి చూడండి. ఆరింటికి ఇంట్లోంచి బయలుదేరి బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లాలి. సరుకు బేరమాడి, ఆటోలో వేయించుకుని, కాలనీకొచ్చి బండి సర్దుకునేసరికి ఎనిమిది. పదింటికల్లా ఇల్లు చేరాలంటే తొమ్మిదిన్నరకే వెనక్కి తిరగాలి. మిగిలింది గంటన్నర. ఆ గంటన్నరలోనే వీధి వీధంతా బండి చుట్టూ మూగుతుంది. కాస్త దూరంగా నిలబడండమ్మా అని చెప్పే తీరిక కూడా అతనికి ఉండదు. తడి గోనెపట్టా కింద తోటకూర కట్టలు ఇంకా ఉండగానే బండి తిప్పుకోవాలి. సాయంత్రం అమ్ముకునే వీలు లేదు, మర్నాటికి అవి వాడిపోతాయి. ఆ కట్టలు అతను అప్పటికే డబ్బు పోసి కొన్నవి.

మెట్రో సంగతీ అంతే. సడలింపు పదింటి వరకు ఉంటే, ఆఖరి రైలు 8.45కే కదిలేది.

ప్రభుత్వానికి ఈ లెక్క తెలియదా అంటే, తెలుసు. అంతకు మూడు వారాల ముందే, ఏప్రిల్ 20న రాత్రి కర్ఫ్యూ పెట్టినప్పుడు దుకాణాలు 8కి మూయాలని, కర్ఫ్యూ 9 నుంచని చెప్పారు. మధ్యలో గంట వదిలారు. పగటి లాక్‌డౌన్‌కు వచ్చేసరికి ఆ గంట మాయమైంది. మళ్లీ అది కనిపించింది మే 31న: ఒంటిగంట దాకా సడలింపు, ఇళ్లకు చేరడానికి మరో గంట. జూన్ 10 నుంచి సాయంత్రం 5 దాకా సడలింపు, 6 దాకా ప్రయాణం. జూన్ 20న ఆంక్షలన్నీ ఎత్తేశారు. మే 31న ఇవ్వగలిగిన గంటను మే 12న ఎందుకు ఇవ్వలేదు?

వేళలు పెంచితే జనం ఊరికే తిరుగుతారని కొందరి వాదన. ఊరికే తిరిగేవాళ్లు ఉంటారు, కాదనలేం. కానీ ఉప్పూ పప్పూ కొనక తప్పని ఊరినంతా నాలుగు గంటల్లోకి కుదిస్తే, ఏ గుంపును తప్పించాలని ఆంక్షలు పెట్టారో ఆ గుంపే రైతుబజార్ల దగ్గర తయారవుతుంది.

ఇకముందు ఎప్పుడు ఏ కారణంతో నగరాన్ని మూయాల్సి వచ్చినా, కనీసం ఒక రోజంతా ముందు చెప్పాలి. కొట్లు మూసే వేళ, ఇల్లు చేరాల్సిన వేళ, ఆఖరి బస్సూ మెట్రో కదిలే వేళ ఒకే కాగితం మీద ఉండాలి. ఆ కాగితాన్ని రైతుబజారు గేటుకు, రేషన్ షాపు గోడకు తెలుగు, ఉర్దూ, హిందీ భాషల్లో అంటించాలి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, హైదరాబాద్