అరువది దినముల గడువు

పద్మనాభము మొదలు విశాఖ రేవు వరకు, అమెరికాలో హెచ్-1బి అనుమతిపై కొలువు చేయు బిడ్డలుగల తలిదండ్రు లనేకులు. అచట కొలువు పోయినచో నివాసమునకే ముప్పు. 2017 జనవరి నుండి అమలులోనున్న నిబంధన ననుసరించి గడువు హెచ్చుగా 60 దినములు; అనుమతి కాలము ముందుగా తీరిన అంతవరకే. ఈలోపల క్రొత్త యజమాని దరఖాస్తు పెట్టవలెను, లేదా వేరొక హోదాకై తానే అర్జీ పెట్టుకొనవలెను. కానిచో దేశము విడువవలెను.

అయినను ఒక హక్కు కలదు. అనుమతి కాలము తీరకమున్నే తొలగించిన యజమాని, తిరుగు ప్రయాణమునకగు సముచిత వ్యయమును భరింపవలెనని అచటి చట్టము. తనంత రాజీనామా యిచ్చినవాని కది లేదు. కావున ఒత్తిడికి లొంగి రాజీనామాపై సంతకము చేయరాదు. యజమాని దయపై నిలిచిన నివాసము స్వేచ్ఛ కాదు. హక్కు నెరుగనివానికి గడువు మరింత కురుచ. తలిదండ్రులారా, ఈ మాట బిడ్డలకు నేడే తెలుపుడు.